మరియమ్మ బొట్టు, దీనమ్మ మాట

ఒక ఆడమనిషి తన మాటను నాకప్పగించి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న దొరకు చేర్చమంది. నేను చేర్చలేదు. జరిగింది అంతే. దొంగతనం కాదు, హత్య కాదు, ఏ కచేరీలో పెట్టినా నిలిచే కేసు కాదు. కానీ ఆ మాట అప్పటినుంచి నా గొంతులోనే ఉండిపోయింది. అన్నం ముద్దకు అడ్డం పడుతుంది. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే దేవుడి కన్నా ముందు అదే వచ్చి నిలబడుతుంది. ఈ మధ్య కోహెడ నుంచి వచ్చినవాళ్లు ఆ ఆడమనిషి పోయిందని చెప్పారు. దొర ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయాడు. ఇక చేర్చడానికి ఆయనా లేడు, నిలదీయడానికి ఆమె కూడా లేదు. మిగిలింది నేను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పానంటే మళ్లీ పెద్దమనిషిలా మాట్లాడటం మొదలుపెడతాను; నాకా రోగం ఉంది. పెద్దమనిషి నోటి వెంట ఒప్పుకోలు రాదు, ఉపన్యాసం వస్తుంది. కాబట్టి ఎవరో ఒక ముసలివాడు, ఒకప్పుడు పంతులుగా చేసినవాడు అనుకోండి. నన్ను క్షమించమని అడగను. మీరు క్షమించినా దానికి విలువ లేదు, మీకు నేనేమీ చేయలేదు కదా.

మా బడి సిద్దిపేటలో మిషన్ వాళ్లది. అప్పుడు నిజాం రాజ్యం. అవతలెక్కడో పెద్ద యుద్ధం, ఇక్కడ గ్యాసునూనెకు కటకట. సర్కారు బడిలో ఉర్దూ చెప్పేవాళ్లు. మా బడిలో తెలుగు, పైన కాస్త ఇంగ్లీషు, ఆ పైన బోలెడు ప్రార్థన. నేను అక్కడ రెండో పంతులుని. సంఘపెద్దల కమిటీకి రాతగాణ్ణి. బడిని చూసే తెల్లదొర ఇంగ్లీషును తెలుగులోకీ, జనం తెలుగును ఇంగ్లీషులోకీ మార్చే దుబాసీని కూడా. దొర తెలుగు నేర్చుకోలేదని అనను. కానీ ఆయన నేర్చింది పుస్తకాల తెలుగు. 'ఏలయనగా' అంటే తెలుస్తుంది, 'ఎందుకంటే' అంటే తెలియదు. మా వాడ మనిషి నోరు తెరిస్తే ఆయన మెడ నావైపు తిరిగేది. ఆ మెడ తిరిగినప్పుడల్లా నాకు ఒళ్లు పొంగేది. మా తాత చెప్పులు కుట్టిన మనిషి. ఆయన మనవడు నోరు విప్పితే తప్ప దొరకు లోకం అర్థం కాదు. ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ణి. మూర్ఖుడికి గొడుగిస్తే ముప్పూటా పట్టుకు తిరుగుతాడు, నేనూ అంతే.

గొడవంతా బొమ్మల గురించి. ఈ దొరకు ముందున్న దొర మెత్తటి మనిషి, రంగులంటే ఇష్టం. ఒక క్రిస్మస్‌కు చేర్యాలలో నకాశీ పని చేసేవాళ్లకు చెప్పి, పొణికి కర్రతో బొమ్మలు చేయించాడు. మరియమ్మ, ఆమె చంకలో పసివాడు, పక్కన ఆమె భర్త యోసేపు, కాళ్ల దగ్గర గొర్రెలు. యేసు తల్లి ఎలా ఉంటుందో చేర్యాల వాళ్లకెవరు చెప్పారు? పెళ్లయిన ఆడమనిషి, చంకలో మగబిడ్డ అని దొర చెప్పాడు. వాళ్లకు అది చాలు. పసుపుపచ్చ ముఖం, ఎర్రచీర, చేతుల నిండా గాజులు, నుదుట పెద్ద బొట్టు పెట్టి బండిలో పంపారు. మొగుడున్న ఆడదానికి బొట్టు లేకుండా ఎట్లా చేస్తారు? దొర చూసి పకపకా నవ్వి, బడి హాల్లో పెట్టించాడు. పండుగ అయిపోయినా బొమ్మలు అక్కడే ఉండిపోయాయి. పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొస్తాయన్నాం.

తర్వాత యోసేపును చెదలు తిన్నాయి. పాదాల దగ్గర మొదలుపెట్టి నడుందాకా వచ్చాయి. తీసి పారేశాం. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ దొర పోయి ఈ దొర వచ్చాడు. దిగీ దిగగానే హాల్లో మరియమ్మను చూసి మొహం ముడుచుకున్నాడు. దేవుడి బడిలో బొమ్మేమిటి, విగ్రహం వద్దని రెండో ఆజ్ఞ చెప్పలేదా అని కమిటీని పిలిచాడు. అక్కడినుంచి నెలల తరబడి చర్చ. ఆ చర్చను తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది, అందులో నా గొంతు అందరికన్నా ఎక్కువ వినపడింది కాబట్టి ఇంకా ఎక్కువ. విగ్రహం సైతాను గూడు, తీసెయ్యాల్సిందే అని బల్ల గుద్దినవాడు యాకోబు పెద్ద. ఆయన ఇంట్లో ఆషాఢం వస్తే పోచమ్మకు కోడి కోసేవాళ్లు. ఆ కూర కమిటీలో సగం మంది తిన్నారు, నేనూ తిన్నాను, బాగుంది కూడా. ఉంచాల్సిందే అని లేచినవాడు దవాఖాన కాంపౌండరు. ఆయనకు మరియమ్మ మీద భక్తి ఏమీ లేదు. యాకోబు పెద్ద పగలంటే రాత్రి అనడం ఆయన అలవాటు. పైన పటారం, లోన లొటారం. వీళ్ల కేకలను దొర మనస్సాక్షుల పోరాటం అనుకుని, చెంపకు చెయ్యి ఆనించుకుని, ఎంతో గౌరవంగా వినేవాడు.

చివరికి తెలివిగలవాడు లేచాడు. నేనే. పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం చెప్పాను. బొమ్మ ఉంటుంది, బొట్టు పోతుంది. బొట్టు లేకపోతే అది పోచమ్మలా కనపడదు, పాఠం బొమ్మలా కనపడుతుంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అందరికీ ఆకలవుతోంది. బొట్టు ఎవరు తీయాలన్న మాట వచ్చింది. "పంతులు చెయ్యి నిలకడగ ఉంటది" అన్నాడు యాకోబు పెద్ద. పెన్సిళ్లు చెక్కే చాకుతో నేనే గీకాను. ఎరుపు పోయింది. దానితోపాటు కింది పసుపు రంగూ ఊడింది. లోపల చింతగింజల పిండి మెత్తిన తెల్లటి పూత బయటపడింది. పసుపు ముఖాన తెల్ల మచ్చ. దొర చూసి బాగుందన్నాడు.

హాలు కిటికీ బావికి పోయే దారివైపు ఉంది. సాయంత్రానికి వాడంతా చూసింది. ఒక సంగతి చెప్పాలి. మా వాడలో ఏ ఆడమనిషీ బొట్టు పెట్టుకోదు. బాప్తిస్మంతో పాటే మాన్పించాం, అందులో నేను చాలా గట్టి. నా భార్య ఎస్తేరు నుదురు కూడా బోడిదే. మరి తమ నుదుటికి లేని బొట్టు కోసం ఈ ఆడవాళ్లకు బాధ ఎందుకు? "మొగన్ని చెదలకు ఏసిన్రు. ఇగ బొట్టు గీకిన్రు. మరియమ్మను ముండను జేసిన్రు" అనుకున్నారు బావి దగ్గర. నేను విని విరగబడి నవ్వాను. ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి దొరకు చెబితే ఆయనా నవ్వాడు. అదొక్కటీ నేను పొల్లుపోకుండా చేర్చాను.

ఇంటికి పోతే ఎస్తేరు నవ్వలేదు. ఆమెది బెజ్జంకి. చదువు లేదు. అప్పుడు కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి.

"నీ చేతులతోనే గీకినవా?" అంది.

"ఇంకెవలు గీకుతరు?"

"కడుపుతోటి ఉన్నదాన్ని ఇంట్ల పెట్టుకొని, ముత్తయిదువ బొట్టు నువ్వే చెరుపుతివా?"

నేను ఆమెకు రెండో ఆజ్ఞ గురించి చెప్పాను. మూఢనమ్మకం గురించి చెప్పాను. కర్రకు మొగుడేమిటి, పెండ్లామేమిటి అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె భయమేమిటో నాకు తెలుసు. ముత్తైదువ బొట్టు చెరిపినవాడి ఇంటికే ఆ కీడు వస్తుందని మా అవ్వలు అనేవాళ్లు. చెరిపిన చెయ్యి నాది, నేను పోతే విధవ అయ్యేది తను. అంత స్పష్టంగా తెలిసి కూడా వేదాంతం చెప్పాను. మనకు తెలిసినదాన్ని తెలియనట్టు నటించడానికి చదువు ఎంత బాగా పనికొస్తుందో చూడండి.

మర్నాడు హాల్లోకి పోతే మరియమ్మ నుదుట తెల్ల మచ్చ మీద కుంకుమ. హాస్టలు పిల్లల పని అనుకుని తుడిచేశాను. మర్నాడు మళ్లీ. మళ్లీ తుడిచాను. ఒక పొద్దున ఎస్తేరు పళ్లెంలో జొన్నరొట్టె వేసింది. రొట్టె అంచున ఎర్రగా వేలిముద్ర ఉంది. ఉంగరపు వేలు అంత ముద్ర. తల ఎత్తి చూశాను. ఆమె పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. నేనేమీ అనలేదు. ఆ ముక్క కూడా తినేశాను.

ఎందుకు అనలేదు? భార్య మీద ప్రేమతో అని రాద్దామనుకుంటే కలం ఆగింది. అబద్ధం. నాకూ భయం ఉంది. చాకుతో గీకిన రోజునుంచి కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది అనిపించేది. ఆమె కుంకుమ పెట్టి వస్తోందని తెలిసినప్పటినుంచి ఆ తిమ్మిరి తగ్గింది. పగలు కమిటీలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసం, పొద్దున్నే పెళ్లాం చాటుగా పెట్టిన కుంకుమ నా ప్రాణానికి కాపలా. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు బతికాను. కొన్నాళ్లకు తుడవడం కూడా బద్ధకించాను. అలా నేను తుడవని ఒక రోజే దొర హాల్లోకి వచ్చాడు.

ఇక దీనమ్మ గురించి చెప్పాలి. ఇంతసేపూ ఆమె పేరు రాయకుండా తిప్పుతూ వచ్చాను, మీరు గమనించే ఉంటారు.

దీనమ్మ హాస్టల్లో వంటమనిషి. భర్త గత్తరలో, అదే కలరాలో, పోయాడు. ఒక్కతే కూతురు, రూతు, మా బడిలోనే చదివేది. తల్లి వంట చేస్తుంది కాబట్టి పిల్లకు హాస్టల్లో తిండీ చదువూ. ఆ పని పోతే రెండూ పోతాయి. దీనమ్మ పొద్దున్నే హాలు ఊడ్చి, ఆ తర్వాత వంటింట్లోకి పోయేది. ఎస్తేరుకు నోరు చేదుగా ఉంటే చింతచిగురు వేసి పప్పు చేసి తెచ్చేది. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. నేనే ఆమెతో మాట్లాడేవాణ్ణి కాదు అనడం సరైన మాట. దొరతో మాట్లాడే నోటితో వంటమనిషితో ఏం మాట్లాడతాం?

హాలు తాళానికి రెండు చెవులు. ఒకటి దీనమ్మ దగ్గర, ఒకటి మా ఇంట్లో మేకుకు.

దొర ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీని హాల్లోనే కూర్చోబెట్టాడు. ముఖం ఎర్రబడి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని నన్ను అడిగాడు. వంటమనిషి దగ్గర ఉంటుందని చెప్పాను. అది నిజమే. నిజంలో సగం చెబితే అబద్ధం కన్నా బాగా పనిచేస్తుంది, అబద్ధమైతే గుర్తుపెట్టుకోవాలి. రెండో చెవి గురించి ఎవరూ అడగలేదు. నా కథ కూడా చెప్పాలి కదా: పెద్ద పంతులు పదవి దిగబోతున్నాడు, ఆ కుర్చీ నాకని దొర మాటిచ్చి ఉన్నాడు. పంతులు పెళ్లాం బొమ్మకు బొట్టు పెట్టిందని తెలిస్తే కుర్చీ పోతుంది, ఉంటున్న ఇల్లూ పోతుంది. నెలలు నిండిన భార్యతో ఎక్కడికి పోను? ఈ సాకు ఎన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నానో. ఇందులో భార్య చివర వస్తుంది, కుర్చీ ముందు వస్తుంది, గమనించండి.

దీనమ్మను పిలిపించారు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. దొర ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగు చేశాను.

"దీనమ్మా, బొమ్మకు కుంకుమ నువ్వు పెట్టినవా అని దొర అడుగుతుండు."

ఆమెకు కోపం రాలేదు. ముందు సగం నవ్వింది.

"నేనా? సారూ, నేను మొగడు సచ్చినదాన్ని. నాకు కుంకుమ ముట్టే రాతున్నదా? నా చెయ్యి తగిల్తె ఆమెకు ఇంకింత కీడు గాదా? గీడ కూసున్న పెద్దలందరికి గీ సంగతి ఎరికె. అడుగుమను."

అంతకన్నా గట్టి సాక్ష్యం ఏ వకీలూ తేలేడు. మా దగ్గర విధవ చెయ్యి కుంకుమ ముట్టదు. బాప్తిస్మం తీసుకున్నా అంతే. ఎవరూ బొట్టు పెట్టుకోని వాడలో కూడా కుంకుమ ఎవరు ముట్టకూడదో అందరికీ తెలుసు. ఆ బల్లల మీద కూర్చున్న పెద్దల్లో ఏ ఒక్కడు లేచి, దొరా, ఆమె చెప్పింది సరైనదే, విధవ ఆ పని చేయదు అంటే అక్కడికి తేలిపోయేది. కానీ ఆ మాట అనాలంటే ఆ ఆచారం ఇంకా మా ఇళ్లల్లో నడుస్తోందని దొర ముందు ఒప్పుకోవాలి. గుమ్మడికాయల దొంగ అనకముందే వీళ్లు భుజాలు తడుముకునే రకం. యాకోబు పెద్ద మీసం సరిచేసుకున్నాడు. కాంపౌండరు చెప్పు విప్పి, అందులో రాయి ఉందేమో చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది.

దొర మెడ నావైపు తిరిగింది.

నేను ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాను. చెప్పిన దాని సారం ఇది: ఈమె విధవ, దిక్కులేనిది, తెలియక చేసింది, ఈ పెద్దలందరూ తనను ఎరుగుదురు, దయ చూడమని వేడుకుంటోంది. చూడండి, దాదాపు అన్నీ ఆమె మాటలే. విధవనని ఆమే అంది. పెద్దలకు తెలుసని ఆమే అంది. మధ్యలో 'తెలియక చేసింది' అన్నది మాత్రం నేను కలిపాను. పాలకుండలో ఒక్క విషపు చుక్క చాలు కదా. ఆమె తన నిర్దోషిత్వానికి చూపిన రుజువునే ఆమె నేరానికి సాకుగా మార్చేశాను. అప్పుడు, ఆ క్షణంలో, నాకు ఏమనిపించిందో రాయకపోతే ఈ కాగితం దండగ. సిగ్గు వేయలేదు. ఎంత బాగా మార్చాను అనిపించింది.

దొర కళ్లు చెమ్మగిల్లాయి. పాపం, పేద విధవ, అజ్ఞానం అన్నాడు. కఠినంగా ఉండనన్నాడు. సంఘంలోంచి వెలివేయలేదు, ప్రభువు బల్లకు, అంటే రొట్టె రసం పంచే ఆరాధనకు, కొన్నాళ్లు దూరంగా ఉంచాడు. పిల్లల మధ్య మాత్రం ఆమె ఉండటం మంచిది కాదు కాబట్టి, కోహెడలో అన్న ఉన్నాడట కదా, అక్కడికి పోనివ్వమన్నాడు. తన పాత కంబళి కూడా ఇప్పించాడు. బొమ్మను ఆ రోజే తీసెయ్యమన్నాడు. అలా నెలల చర్చ తేలిపోయింది. యాకోబు పెద్ద గెలిచాడు, కాంపౌండరు గొణిగాడు, అందరూ అన్నాలకు పోయారు.

దీనమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమెకు కనపడిందల్లా నేను చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడటం, దొర కళ్లు తడవటం. తన తరఫున పోట్లాడానని అనుకుంది. మూట నెత్తిన పెట్టుకుని, రూతు చెయ్యి పట్టుకుని పోతూ మా గడప దగ్గర ఆగింది.

"శాన కష్టపడ్డవు సారూ. గాయినకే మనసున పట్టలే" అంది.

నేను తల ఊపాను. ఆ తల ఊపడాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలుగులో మాట దొరకలేదు. ఇంగ్లీషులో కూడా లేదు.

మరియమ్మను హాస్టలు వంటింట్లో పొయ్యిలో పెట్టాం. పొణికి కర్ర తేలిక, భగభగా మండి క్షణంలో అయిపోయింది. ఎసరు కూడా రాలేదని కొత్త వంటమనిషి సణిగింది. నేను ఆ తర్వాత పెద్ద పంతుల్నయ్యాను. కుర్చీ బాగానే ఉంది. ఒక కాలు కాస్త పొట్టి, కింద చెక్క పెట్టుకునేవాణ్ణి.

ఆ ఆదివారం ఇంటికి పోగానే ఎస్తేరు అడిగింది, దీనమ్మ ఏమన్నదని.

"ఒప్పుకున్నది" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కుంకుమ పెట్టింది తను. తను చేసిన పనిని ఇంకొకతె ఒప్పుకుందని మొగుడు చెబుతున్నాడు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక నేను ఆమెకు బైబిలు చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చదవడం రాదు కాబట్టి దేవుడి మాట కూడా నా నోటి వెంటే పోవాలి. ఆ సాయంత్రం పుస్తకం తెరిచాను. "వద్దు" అంది. "నువ్వు సగమే సదువుతవు."

ఆ తర్వాత ఎప్పుడూ చదవమనలేదు. కొడుకు పుట్టి, పెరిగి, అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చాక వాడితో చదివించుకునేది. వాడు తప్పులు చదివినా వినేది. నేను పక్క మంచం మీద కూర్చుని ఆ తప్పులు వినేవాణ్ణి. దిద్దడానికి నాకు ధైర్యం చాలలేదు.

కుంకుమ ఆమె మళ్లీ ముట్టలేదు. నేను చావలేదు. కీడు రాలేదని మొదట్లో లోలోపల నవ్వుకున్నాను. కీడు అంటే చావే అనుకున్నాను మరి, చదువుకున్నవాణ్ణి కదా.

చివరికి ఎస్తేరే ముందు పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత, నాకు జుట్టంతా నెరిశాక. నేను బయట అరుగు మీద కూర్చుని ఉన్నాను. లోపల వాడ ఆడవాళ్లు ఆమెకు నీళ్లు పోసి, కొత్త చీర కట్టి, నుదుట ఇంత కుంకుమ పెట్టారు. మొగుడుండగా పోయింది కదా. పాస్టరు వచ్చే వేళయింది, తుడవమంటారా అని ఎవరో నా చెవిలో అడిగారు. వద్దన్నాను. నా జీవితంలో నేను తుడవనీయని బొట్టు అదొక్కటే.

దీనమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో, కోహెడ నుంచి బస్సెక్కి వచ్చింది. వెంట రూతు. రూతు వేళ్లు నాట్లు వేసీ వేసీ పగిలి ఉన్నాయి. నాలుగో పుస్తకం చదివే పిల్ల, అక్కడే ఆగింది. దీనమ్మ శవం దగ్గరికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి చూసింది. నుదుటి కుంకుమ చూసి, విధవ నీడ పడకూడదని అంత దూరంలోనే ఆగింది. ఆ ఒక్క దృశ్యం ఆ రోజు దొర చూసి ఉంటే చాలు, నా ఇంగ్లీషు అంతా బూడిదయ్యేది. పోయేటప్పుడు నా దగ్గర ఆగింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. గా దినం నేను చెప్పిందంత దొరకు చెప్పినవు గదా?"

ఇంట్లో భార్య శవం ఉంది. దొర లేడు, కుర్చీ లేదు, భయపడటానికి ఏమీ మిగల్లేదు. ఒక్క నిజం చెప్పడానికి అంతకన్నా మంచి రోజు మనిషికి దొరకదు.

"అంత చెప్పిన" అన్నాను.

"మరి గాయినది రాతిగుండె గావచ్చు" అంది. "పోనియ్యి. నువ్వు పైలం సారూ."

నా గురించే జాగ్రత్త చెప్పి పోయింది.

ఇక ఇక్కడితో ముగించి లేవవచ్చు. కానీ ఒకటుంది. పైన ఆమె మాటలు రాశాను కదా, అందులో కూడా కొన్ని వదిలేశాను. రాస్తున్నప్పుడే తెలుసు. చెయ్యి దానంతటదే దాటేసింది. దుబాసీ చెయ్యి అది, ఇప్పుడు తెలుగు నుంచి తెలుగులోకి కూడా సగమే మారుస్తుంది. ఎస్తేరు ఊరికే అనలేదు.

అడుగుమను అన్న తర్వాత దీనమ్మ ఆగలేదు. గొంతు తగ్గించి, దొరను కాదు, నన్ను చూస్తూ ఇంకా చెప్పింది. ఆ హాల్లో తెలుగు వచ్చిన ప్రతివాడూ విన్నాడు. ఆ రోజుల్లో మిషన్ ఆవరణలో కడుపుతో ఉన్న ఆడమనిషి ఒక్కతే, నా భార్య. అందుకే యాకోబు పెద్ద మీసం, అందుకే కాంపౌండరు చెప్పు. అందరికీ అర్థమైంది. అర్థం కానివాడు ఒక్క దొర, ఆయనకు అర్థం చేయించాల్సినవాణ్ణి నేను. అందుకే అంతసేపు మాట్లాడాను. ఆ మాటను పూడ్చడానికి అంత మన్ను కావలసి వచ్చింది.

దొర మెడ ఇంకా నావైపే తిరిగి ఉంది. ఆమె చెప్పింది ఇది. నేనేమీ కలపడం లేదు.

"కుంకుమ ఎవలు పెడుతున్నరో నేను పొద్దుగాల ఊడ్వ వచ్చినప్పుడు సూసిన. గని చెప్ప. గామె ఒట్టిమనిషి గాదు. గియ్యాల గామెను రచ్చకు గుంజితె కడుపుల బిడ్డకు మంచిది గాదు. నన్ను పంపుడైతె పంపుండ్రి, నేను పోత. గామెను మాత్రం ఏమనకుండ్రని దొరకు చెప్పు సారూ."